ముఖాముఖిగా

"నా గురించి దేవుడితో మాట్లాడావట తమ్ముడూ. నాతో ఎందుకు మాట్లాడలేదు?"

ఎనిమిదేళ్ళ కిందట ఒక అన్న మా ఇంటి గుమ్మంలో నిలబడి అడిగిన మాట ఇది. అరిచి ఉంటే బాగుండేది. నేనూ గొంతు పెంచి, నాలుగు వచనాలు అప్పజెప్పి, తలుపేసుకునేవాణ్ణి. ఆయన నెమ్మదిగా అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగాడు. నా నోట మాట రాలేదు.

ఆయనా నేనూ ఒకే గుంపులో కూర్చుని వాక్యం చదువుకునేవాళ్ళం. ఒక వచనం పట్టుకుంటే దాని ముందూ వెనకా ఉన్నది కూడా చదవాలన్న బుద్ధి నాకు వచ్చిందే ఆయన దగ్గర. ఆయనకి పాప పుట్టింది. మూడు నెలల పిల్లకి చిలకరింపు బాప్తిస్మం ఇప్పించాడు. నా నమ్మకం వేరు. మారుమనస్సు పొంది, యేసే ప్రభువని తన నోటితో ఒప్పుకున్న మనిషి తీసుకునేదే బాప్తిస్మం; నీళ్ళలో మునిగి లేవడమే బాప్తిస్మం. మూడు నెలల పాప ఏం ఒప్పుకుంటుంది? ఇది నాకు చిన్న విషయం కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

ఆ వారం ప్రార్థన కూడికలో "ఇంకెవరికైనా ప్రార్థన మనవులున్నాయా?" అని అడిగితే నేను చెయ్యెత్తాను. "అన్న కోసం భారంగా ఉంది. వాక్యం తెలిసిన మనిషే తప్పటడుగు వేశాడు. దేవుడు ఆయన కళ్ళు తెరవాలని ప్రార్థన చేయండి" అన్నాను. అందరూ తలలు వంచారు. ఒకరు "అవును ప్రభువా" అన్నారు. ఆమేన్ అయ్యేసరికి గుండె తేలికైంది. ఆ తేలికే ఆత్మ ఇచ్చిన సమాధానం అనుకున్నాను. మూడు రోజుల్లో సంగతి ఆయన భార్య చెవిన పడింది. అక్కడికి చేరేసరికి "కళ్ళు తెరవాలి" కాస్తా "విశ్వాసం వదిలేశాడట" అయింది.

అప్పట్నుంచీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. విశ్వాసుల మధ్య వాదం వస్తే "మర్యాదగా మాట్లాడుకోండి" అంటాం. మన ఉద్దేశంలో మర్యాద అంటే గొంతు తగ్గించడం, నవ్వు ముఖం పెట్టడం, మాటకి ముందు "బ్రదర్" తగిలించడం. ఈ లెక్కన నేను ఆ కూడికలో మహా మర్యాదగా ఉన్నాను. గొంతు తగ్గించాను, కళ్ళు మూసుకున్నాను, "అన్న" అనే అన్నాను. అదే ఆయన ఇంటికెళ్ళి, నిలదీసి, నాలుగు మాటలు గట్టిగా అని వచ్చి ఉంటే అంత అమర్యాద జరిగేది కాదు. గొంతు పెరిగితే పోయే మర్యాద కొంచెమే. అసలైనది పోయేది, ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి లేని చోట.

మర్యాద అన్న మాటకి పాత అర్థం హద్దు. సముద్రానికి చెలియలికట్ట ఉన్నట్టు. కట్టకి అవతల కెరటం ఎంత ఎత్తున లేచినా ఊళ్ళు మునగవు. విశ్వాసుల వాదాలకి ఆ కట్ట ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న.

ఈ విషయంలో పౌలు కన్నా ఇబ్బంది పెట్టే మనిషి ఇంకొకడు లేడు. ఒకే అపొస్తలుడు, ఒకే రకం గొడవ, రెండు చోట్ల రెండు రకాల తీర్పు. రోమా సంఘంలో కొందరు అన్నీ తింటారు, కొందరు కూరగాయలే తింటారు. కొందరికి ఒక రోజు ప్రత్యేకం, కొందరికి అన్ని రోజులూ ఒకటే. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో పౌలు తన అభిప్రాయం దాచుకోడు. ఏ పదార్థమూ దానంతట అది నిషిద్ధం కాదని ప్రభువు నందు రూఢిగా నమ్ముతున్నానంటాడు. అయినా తన పక్షం వాళ్ళకి గెలుపు రాసివ్వడు. ఎవరి మనస్సులో వాళ్ళు రూఢి చేసుకోండి, ఒకరినొకరు చేర్చుకోండి అంటాడు.

అంతియొకయలో కూడా గొడవ భోజనం బల్ల దగ్గరే. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి తింటున్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గి, వేరుగా కూర్చున్నాడు. మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా, ఆయన వెంట వెళ్ళారు. ఇక్కడ పౌలు "ఎవరి మనస్సులో వాళ్ళు" అనలేదు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో తనే చెప్పుకున్నాడు: ముఖాముఖిగా ఎదిరించాడు, అదీ అందరి ముందూ.

తేడా ఏంటి? నాకు తోచింది ఇది. రోమాలో ఎవరు ఏం తిన్నా బల్ల ఒకటిగా ఉండే వీలుంది. అంతియొకయలో పేతురు లేచి వెళ్ళిపోవడంతో కొందరు మనుషులు బల్లకి పనికిరాని వాళ్ళయ్యారు. పౌలుకి కోపం తెప్పించింది పళ్ళెంలో ఉన్న పదార్థం కాదు, ఖాళీ అయిన కుర్చీలు. ఆ కోపం కూడా పేతురు ముఖం ముందే పెట్టాడు. సరే, గలతీయ సంఘాలకి ఉత్తరంలో తర్వాత రాశాడు కదా అంటారా? రాశాడు. ముందు పేతురు విన్నాడు, తర్వాతే గలతీయులు విన్నారు. ఆ వరస నాకు ముఖ్యం.

రోమా అధ్యాయంలో ఇంకో చిన్న సంగతి ఉంది. తినేవాడు తినని వాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అని పౌలు రెండు వేరు వేరు క్రియలు వాడతాడు. స్వేచ్ఛ ఉందనుకునే వాడి జబ్బు చులకన. నియమం పట్టుకున్న వాడి జబ్బు తీర్పు. నేను రెండు పక్కలా ఉండి చూశాను, లెక్క అచ్చంగా అలాగే ఉంటుంది. బాప్తిస్మం దగ్గర నేను నియమం మనిషిని, అందుకే అన్న తప్పటడుగు వేశాడని తీర్పిచ్చాను. సబ్బాతు విషయంలో నాది స్వేచ్ఛ పక్షం. శనివారం ఆచరించే విశ్వాసుల గురించి నేను వేసిన జోకులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. వాళ్ళకి తీర్పు తీర్చలేదు కదా అని అప్పట్లో నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా.

అంతియొకయ గొడవ మీద తర్వాత మూడున్నర శతాబ్దాలకి ఇంకో గొడవ జరిగింది. మనిషి ఎదురుగా లేకుండా జరిగే వాదం ఎంత దూరం పోతుందో చూడాలంటే నాకు దానికి మించిన కథ కనబడలేదు.

బేత్లెహేములో ఉన్న బైబిలు పండితుడు జెరోము గలతీయుల పత్రికకి వ్యాఖ్యానం రాస్తూ, పౌలు పేతురుని నిజంగా గద్దించలేదు, చూసేవాళ్ళ మేలు కోసం ఇద్దరూ కావాలనే అలా నటించారు అన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో ఉన్న సంఘ నాయకుడు అగస్టీనుకి ఇది మింగుడుపడలేదు. జరగని గద్దింపుని జరిగినట్టు పౌలు రాశాడంటే, ఇక లేఖనంలో ఏ మాటని నమ్మాలి? 395 ప్రాంతంలో జెరోముకి ఉత్తరం రాశాడు. తీసుకెళ్ళాల్సిన మనిషిని అంతలో బిషప్పుగా ఎన్నుకున్నారు, ప్రయాణం ఆగిపోయింది, కొంత కాలానికి ఆయన చనిపోయాడు కూడా. రెండేళ్ళాగి అగస్టీను ఇంకో ఉత్తరం రాశాడు, ఈసారి కాస్త ఘాటుగా. నీ మాట వెనక్కి తీసుకుంటూ కొత్త పాట అందుకో అన్న ధోరణిలో. దాన్ని పట్టుకెళ్ళాల్సిన వ్యక్తి సముద్రానికి భయపడి ఓడ ఎక్కలేదు. ఉత్తరం మాత్రం ప్రయాణం చేసింది. నకళ్ళు రోములో, ఇటలీలో చేతులు మారాయి. ఎవరెవరో చదివారు. ఒక్క జెరోము తప్ప.

జెరోముకి ముందు అందింది పుకారు. అగస్టీను నీ మీద ఒక పుస్తకమే రాసి రోముకి పంపాడట అని. తర్వాత ఆయనకి తెలిసిన ఒక పరిచారకుడికి ఆ ఉత్తరం నకలు ఆడ్రియాటిక్ సముద్రంలో ఏదో దీవిలో దొరికింది. అది కూడా సంతకం లేని నకలు. ఆ కాలంలో జెరోము రాసిన జవాబుల్లో ప్రతి వాక్యం కింద ఒక ముల్లు ఉంటుంది. ఇది నీదేనా, నీదైతే నాకు పంపకుండా లోకానికి ఎందుకు పంపావు అని అడుగుతాడు. ముసలివాణ్ణి కదా అని కవ్వించి పేరు తెచ్చుకోవాలని చూడకు, అలిసిన ఎద్దు అడుగు ఇంకా గట్టిగా వేస్తుంది అని హెచ్చరిస్తాడు.

నాకు ఆశ్చర్యం కలిగించేది అగస్టీను తప్పేమీ లేకపోవడం. ఆయన నాలాగా ప్రార్థన మనవి పెట్టలేదు. నేరుగా జెరోముకే రాశాడు. ఉత్తరం దారి తప్పింది, అంతే. అంతమాత్రానికే రెండు వైపులా పదేళ్ళు చేదు. కావాలని దారి తప్పించే మన మాటల సంగతేం చెప్పాలి?

ఆ తర్వాత అగస్టీను చేసిన పని ఆయన వాదన కన్నా గొప్పది. నొప్పించి ఉంటే క్షమించమని అడిగాడు. ఆ మాట వెంటనే "అయినా నేను చెప్పింది నిజమేగా" అని తోక తగిలించలేదు. వాదన మాత్రం వదల్లేదు. 405లో రాసిన పొడుగాటి ఉత్తరంలో మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా అదే పట్టు పట్టాడు. అదే ఉత్తరంలో, సంఘం ఇచ్చే హోదాల్లో బిషప్పు (అంటే తను) ప్రెస్బిటరు (సంఘ పెద్ద, అంటే జెరోము) కన్నా పైవాడైనా, చాలా విషయాల్లో అగస్టీను జెరోము కన్నా తక్కువవాడే అని రాసుకున్నాడు. లొంగలేదు, తగ్గాడు. ఈ రెంటికీ తేడా తెలియకే మనలో చాలామంది తగ్గడానికి భయపడతారు.

తర్వాత పదేళ్ళకి జెరోము పెలగియనులు అనే ఒక బోధ పక్షం మీద పుస్తకం రాస్తూ పేతురు విషయంలో అగస్టీను చెప్పిన అర్థమే తీసుకున్నాడు. "నువ్వే గెలిచావు" అని ఉత్తరమేమీ రాయలేదు. అగస్టీను అది గమనించి, వేరే మిత్రుడికి రాసిన ఉత్తరంలో సంతోషంగా చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళు ఓడిపోయేది ఇలాగే, చప్పుడు లేకుండా.

ఇదే జెరోముకి రుఫీనస్ అని చిన్ననాటి స్నేహితుడు ఉండేవాడు. ఓరిగెను అనే పాత కాలపు బోధకుడి బోధల దగ్గర ఇద్దరికీ చెడింది. ఒకరి మీద ఒకరు పుస్తకాలు రాసుకున్నారు, అవి లోకమంతా చదివింది. అగస్టీను ఆ రాతలు చూసి, మీ ఇద్దరూ ఒకచోట నాకు కనబడితే మీ కాళ్ళ మీద పడి ఏడ్చేవాణ్ణి అని జెరోముకి రాశాడు. ఏం లాభం లేకపోయింది. రుఫీనస్ సిసిలీలో చనిపోయాక కూడా జెరోము తన యెహెజ్కేలు వ్యాఖ్యానం ముందుమాటలో, తేలు ఆ నేల కింద పడి ఉంది అన్నట్టు రాశాడు. బైబిల్ని లాటిన్‌లోకి తెచ్చిన చెయ్యి అది. పాండిత్యం ఉంటే నోరు అదుపులో ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఈ తేలే గుర్తొస్తుంది.

ఒకే మనిషి, ఒకచోట సమాధానపడ్డాడు, ఒకచోట పడలేదు. రుఫీనస్‌తో గొడవలో మధ్యలో జనం ఉన్నారు, ఇద్దరూ ఆ జనానికే రాశారు. అగస్టీను మాత్రం పట్టువదలకుండా జెరోముకే రాస్తూ పోయాడు. నాకైతే కారణం ఇదే అనిపిస్తుంది. వినే జనం పెరిగేకొద్దీ అవతలి మనిషి చిన్నవాడైపోతాడు.

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం పడాలి. ముఖాముఖి మాట్లాడితే చాలు అంతా సర్దుకుంటుందా? జూరిచ్ సంగతి తెలిసినవాళ్ళు ఒప్పుకోరు.

స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో సంఘ సంస్కరణ నడిపించినవాడు ఉల్రిచ్ జ్వింగ్లి. ఫెలిక్స్ మాంజ్, అతనూ ఒకరికొకరు తెలియని వాళ్ళు కాదు. మాంజ్ జ్వింగ్లి అనుచరుడే. అతని దగ్గర కూర్చుని లేఖనం చదివినవాడే. గొడవ మళ్ళీ బాప్తిస్మమే: పసిపిల్లలకి ఇవ్వాలా, నమ్మినవాళ్ళకే ఇవ్వాలా. 1525 జనవరిలో నగర మండలి ఎదుట ఇరుపక్షాలూ ముఖాముఖి వాదించాయి. మండలి జ్వింగ్లి పక్షం తీర్పిచ్చింది. కొద్ది రోజులకే మాంజ్, అతని మిత్రులు ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. 1527 జనవరి 5న మాంజ్ చేతులు మోకాళ్ళకి కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. మళ్ళీ బాప్తిస్మం కావాలన్నావుగా, ఇదిగో నీళ్ళు అన్నట్టుంది శిక్ష. ముంచినవాళ్ళూ సంస్కరణ పక్షమే, వాళ్ళ చేతుల్లోనూ బైబిలే. 2004లో జూరిచ్ సంస్కరణ సంఘం ఈ పాపాన్ని ఒప్పుకుని, ఆ నది ఒడ్డున ఒక పలక పెట్టించింది. 477 ఏళ్ళు పట్టింది.

అంటే ఎదురుగా కూర్చోవడం ఒక్కటే సరిపోదు. వాదం అయ్యాక ఇద్దరూ లేచి ఎవరింటికి వాళ్ళు వెళ్ళగలగాలి. ఒకరి చేతిలో నగరం ఉండి, ఇంకొకరి చేతిలో ఏమీ లేకపోతే దాన్ని చర్చ అనకూడదు, విచారణ అనాలి. మన సంఘాల్లో ఎవరూ ఎవర్నీ నదిలో ముంచరు. కానీ పాస్టరుగారు పిలిచి "రండి, మనసు విప్పి మాట్లాడుకుందాం" అన్నప్పుడు, పిలిచినాయన చేతిలో పరిచర్య, పేరు, పిల్లల పెళ్ళికి ఇవ్వాల్సిన ఉత్తరం అన్నీ ఉంటాయి. వచ్చినవాడి చేతిలో ఒక సందేహం ఉంటుంది. ఇలాంటి చోట మర్యాద బాధ్యత ఎక్కువగా బలం ఉన్నవాడిదే అంటాను నేను. తగ్గు స్వరంతో మాట్లాడమని బలహీనుడికి చెప్పడం సులువు. వాడు ఎలాగూ తగ్గే ఉన్నాడు.

ఒక పక్క మాట. "ప్రేమతో సత్యం చెప్తున్నాను" అని మొదలుపెట్టి నా జీవితంలో ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. ఎఫెసీయుల పత్రికలోని ఆ మాటని మనం కత్తికి ఒరలా వాడేస్తున్నాం. ప్రేమ ఉంటే ముందుగా ప్రకటించనక్కర్లేదు, విన్నవాడికి తెలుస్తుంది.

అలాగే "ముఖ్యమైన వాటిలో ఐక్యత, ముఖ్యం కానివాటిలో స్వేచ్ఛ, అన్నిటిలో ప్రేమ" అన్న సూక్తి. అగస్టీను అన్నాడని చాలామంది చెప్తారు. అది 17వ శతాబ్దపు మాట. ముప్పై ఏళ్ళ యుద్ధంలో జర్మనీ తగలబడుతున్నప్పుడు మెల్డేనియస్ అన్న మారుపేరుతో ఒక లూథరన్ రాసిన చిన్న పుస్తకం వల్ల ప్రచారంలోకి వచ్చింది. మాట బంగారమే. కానీ ఇది వినగానే ఇరుపక్షాలూ తలలూపుతాయి, అదే దానితో చిక్కు. బాప్తిస్మం నాకు మొదటి జాబితాలో ఉంటుంది, ఆ పక్కాయనకి రెండో జాబితాలో. గొడవంతా ఏది ఏ జాబితాలో రాయాలన్నదే అయినప్పుడు, జాబితాలు రెండున్నాయని చెప్పి ఏం లాభం? మూడో భాగం ఒక్కటే పనికొస్తుంది. దానికి జాబితా అక్కర్లేదు.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ ప్రసంగీకులు జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ కథ చెప్పకుండా ఈ విషయం మీద ఎవరూ రాయరు, నేనూ తప్పించుకోలేను. కాకపోతే అందరూ చెప్పే చోట కాక ఇంకోచోట మొదలుపెడతాను. దేవుడు కొందరిని ముందే ఏర్పరచుకున్నాడా, కృప అందరికీ ఉచితమా అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. ఏర్పాటు సిద్ధాంతానికి వ్యతిరేకంగా వెస్లీ 1739లో ఒక ప్రసంగం చేసి అచ్చు వేయించాడు, వద్దని విట్‌ఫీల్డ్ బతిమాలినా. 1741 ఫిబ్రవరి 1న వెస్లీ లండన్‌లో తన ప్రార్థనా మందిరానికి వచ్చేసరికి గుమ్మం దగ్గరా లోపలా ఎవరో కాగితాలు పంచుతున్నారు. చూస్తే విట్‌ఫీల్డ్ తనకి సొంతంగా రాసిన ఉత్తరం. రాసినవాణ్ణీ అడగలేదు, అందుకున్నవాణ్ణీ అడగలేదు, ఎవరో అచ్చేసి పంచేశారు. వెస్లీ ఒక ప్రతి సంపాదించి, ప్రసంగం అయ్యాక జనానికి జరిగింది చెప్పాడు. విట్‌ఫీల్డ్ స్వయంగా ఇక్కడ ఉంటే ఏం చేసేవాడని నేను అనుకుంటున్నానో అదే చేస్తాను అని, దాన్ని అందరి ముందూ ముక్కలు ముక్కలుగా చింపేశాడు. కాగితం అందుకున్న ప్రతివాళ్ళూ చింపేశారు. రెండు నిమిషాల్లో ఒక్క ప్రతి మిగల్లేదని తన దినచర్యలో రాసుకున్నాడు.

ఆ రోజు ఆ గదిలో విట్‌ఫీల్డ్ లేడు. అయినా ఆయనకి ఒక కుర్చీ వేసినట్టయింది. ఆయన ఇక్కడ ఉంటే ఏం చేసేవాడు అని వెస్లీ వేసుకున్న ప్రశ్న, ఆ ప్రార్థన కూడికలో చెయ్యెత్తే ముందు నేను వేసుకుని ఉండాల్సింది.

అంతమాత్రాన వాదం ఆగలేదు. అదే ఏడాది విట్‌ఫీల్డ్ తన జవాబు తనే అచ్చు వేయించాడు. వాళ్ళ అనుచరులు రెండుగా చీలిపోయారు, చీలికలు మిగిలాయి. ఇద్దరు మనుషులు మాత్రం మెల్లగా మళ్ళీ దగ్గరయ్యారు. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. ఆ ప్రసంగంలో ఏర్పాటు సిద్ధాంతం ఊసెత్తకపోవడం విట్‌ఫీల్డ్ పక్షంలో కొందరికి నచ్చలేదు కూడా.

అందరూ ఇక్కడితో ఆపి కళ్ళు తుడుచుకుంటారు. నాకు ఇంకొక సంగతి అడ్డొస్తుంది. విట్‌ఫీల్డ్ జార్జియా కాలనీలో బానిసత్వాన్ని అనుమతించాలని గట్టిగా వాదించినవాడు, తన అనాథాశ్రమం కోసం బానిసల్ని ఉంచుకున్నవాడు. వెస్లీ బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం వేసింది 1774లో, స్నేహితుడు పోయిన నాలుగేళ్ళకి. ఇద్దరు దైవజనులు ఏర్పాటు గురించి ఎంత సౌమ్యంగా విభేదించుకున్నారో చెప్పుకుని మురిసిపోయే మనం, ఆ పొలాల్లో పనిచేసినవాళ్ళకి ఆ సౌమ్యత వల్ల ఏం ఒరిగిందని అడగం. వాళ్ళని ఏ గదిలోకీ ఎవరూ పిలవలేదు. వాళ్ళ గురించే వాదం, వాళ్ళు తప్ప అందరూ ఉన్నారు.

అంతియొకయ లెక్క ఇక్కడ పనిచేస్తుంది. బల్ల దగ్గర నుంచి ఎవరో గెంటివేయబడుతుంటే, గెంటేవాడితో "ఎవరి మనస్సులో వాళ్ళు రూఢి చేసుకుందాం సహోదరా" అనడం మర్యాద అనిపించుకోదు. సంఘంలో ఎవరికో అన్యాయం జరిగిందని తెలిసి, "ఐక్యత పాడవుతుంది, మాట్లాడకండి" అని పెద్దలు సర్దిచెప్పిన సందర్భాలు నేను చూశాను. ఒకసారి ఆ సర్దిచెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ అన్యాయం జరిగిన మనిషి తర్వాత ఏ సంఘానికీ వెళ్ళలేదు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

మళ్ళీ మా గుమ్మం దగ్గరికి వస్తాను.

ఆ రోజు ఆయన్ని లోపలికి రమ్మన్నాను. వాదం జరిగింది, గట్టిగానే జరిగింది. రెండు గంటలయ్యాక ఆయనే అన్నాడు: "ఇలా కాదు తమ్ముడూ. నా నమ్మకం ఏంటో నువ్వు రాయి. నీది నేను రాస్తాను. నాది నేను చదివి 'ఇది నేనే' అనేదాకా నువ్వు దాన్ని ఖండించడానికి వీల్లేదు."

ఇదేం పెద్ద పనా అనుకున్నాను. ఒక పేజీ రాసిచ్చాను. మొదటి వాక్యమే కొట్టేశాడు. "కుటుంబ సంప్రదాయం మీద గౌరవంతో పాపకి బాప్తిస్మం ఇప్పించారు" అని రాశాను నేను. "సంప్రదాయం కోసం నేను పిల్లని దేవుడి ముందుకి తీసుకెళ్తానా?" అన్నాడు. ఆయన కూడా నాది తప్పే రాశాడు. "కృప కన్నా మనిషి నిర్ణయం ముందు రావాలని ఇతని నమ్మకం" అట. నాకు ఒళ్ళు మండింది. నా గురించి ఆయన అనుకుంటున్నది ఇదా? కొట్టేశాను.

రెండోసారి రాసినప్పుడు ఎనిమిదో రోజు సున్నతి గురించి రాశాను, నిబంధనలో పిల్లలకి ఉన్న చోటు గురించి రాశాను, అపొస్తలుల కార్యాలు 16లో లూదియ ఇంటివాళ్ళు, చెరసాల నాయకుడి ఇంటివాళ్ళు అందరూ బాప్తిస్మం పొందిన సంగతి రాశాను. చదివి, "వాదన ఇదే. నేను మాత్రం ఇందులో లేను" అన్నాడు. మూడోసారికి ఒకటే వాక్యం చేర్చాను: నేను దేవుణ్ణి ఎరగక ముందే ఆయన నన్ను ఎరుగును, ఆ మాట నా కూతురి మీద నీళ్ళతో రాయించాలనుకున్నాను. ఇది ఆయన మాటే. వాదం మధ్యలో ఎప్పుడో అన్నాడు, నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆయన ఆ కాగితం చాలాసేపు చేతిలో పెట్టుకున్నాడు. "ఇది నేనే" అన్నాడు.

అప్పుడు ఖండించాను. మూడు పేజీలు. ఇప్పటికీ వాటిలో ఒక్క మాట కూడా మార్చను. ఆయన నాలుగు పేజీల్లో జవాబిచ్చాడు, అందులో రెండు చోట్ల నా దగ్గర సరైన సమాధానం లేదు.

తర్వాతి వారం ప్రార్థన కూడికలో మళ్ళీ చెయ్యెత్తాను. పదిమందిలో అన్నది పదిమందిలోనే విప్పాలి కదా. "పోయినసారి నేను పెట్టింది ప్రార్థన మనవి కాదు, చాడీ. అన్నని అడక్కుండా చెప్పాను. ఆయన నమ్మకం నాకు తప్పుగానే కనబడుతుంది, కానీ ఆయన విశ్వాసం విడిచిపెట్టలేదు" అన్నాను. ఈసారి ఎవరూ "అవును ప్రభువా" అనలేదు. బయటికి వచ్చాక ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, బాధగా, "రాజీ పడిపోయావా బ్రదర్?" అని అడిగాడు. ఏర్పాటు సిద్ధాంతం విప్పడం కన్నా, ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టమైంది.

మేమిద్దరం ఇప్పుడు వేరు వేరు సంఘాలకి వెళ్తున్నాం. దాన్ని ఓటమి అనుకోను. పౌలు, బర్నబా కూడా మార్కు అనే తోటి పనివాణ్ణి వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న విషయంలో తీవ్రంగా వాదించుకుని చెరో దారి పట్టారు. ఆ సంగతి అపొస్తలుల కార్యాల్లో చెప్తూ లూకా వాడిన గ్రీకు మాట పారోక్సిస్మోస్. హెబ్రీయుల పత్రిక 10వ అధ్యాయంలో, ప్రేమ చూపడానికి ఒకరినొకరు పురికొల్పుకోండి అన్నచోట కూడా అదే మాట. చాలా ఏళ్ళకి పౌలు చెరసాల నుంచి తిమోతికి రాస్తూ, మార్కుని వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అన్నాడు.

పోయిన నెల అన్న కూతురు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదేళ్ళది, ప్రశ్నల పుట్ట. వాళ్ళ నాన్నకీ నాకూ దేని మీద పడదో దానికి బాగా తెలుసు. ఉన్నట్టుండి అడిగింది: "బాబాయ్, నాకు చిన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చేశారు కదా. నేను పెద్దయ్యాక మళ్ళీ తీసుకోవాలా?"

నా దగ్గర జవాబుంది. ఎనిమిదేళ్ళుగా ఉంది, మూడు పేజీలుంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"మీ నాన్నని అడుగు," అన్నాను.

రాత్రి ఫోన్ వచ్చింది. "దాన్ని నా దగ్గరికి పంపావట" అన్నాడు.

"పంపాను అన్నా."

"నీ జవాబేంటో చెప్పొచ్చుగా. నాకు తెలియనిదా?"

"ఆదివారం సాయంత్రం వస్తాను. మీ ముందే చెప్తాను."

"రా. ఆ పాత కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, తీసి పెడతాను," అన్నాడు.